ఒడ్డు మీద నారు

ఈ యాసంగి మంచు మా ఊరిని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. సిర్గాపూర్ వైపు చలి నాకేమీ కొత్త కాదు. మా చిన్నప్పుడు క్రిస్మస్ ఆరాధనకు తెల్లవారుజామున పోతుంటే ముందు నడిచే మా నాయన వీపు కూడా కనబడేది కాదు. అయినా పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టేసరికి కిటికీలోంచి ఎండ వచ్చి చాపల మీద పడేది. పిల్లలమంతా ఆ ఎండలోకి జరిగి కూర్చునేవాళ్లం. అప్పటి మంచు వచ్చేది, పోయేది. ఈసారి అట్లా కాదు. జనవరిలో ముసురు పట్టింది. జనవరిలో ముసురేమిటని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ముసురు ఆగిందో లేదో చలి పట్టుకుంది, ఆ చలి మీద మంచు కూర్చుంది. పగటి బువ్వ వేళ దాకా ఆకుల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తీరా మంచు విడిచాక ఎండ చూస్తే వేసవి ఎండలా చురుక్కుమంది. సాయంత్రానికి మళ్లీ స్వెట్టర్లు, దుప్పట్లు.

ఊళ్లో ఎవరికి అనుమానం వచ్చినా నన్ను అడగడం అలవాటు. "పెద్దమ్మా, ముందెప్పుడన్న గిట్లయిందా?" అంటారు. నేను చెబుతాను. చదువు లేకపోయినా ఏ ఏడు ఏ వాన ఎప్పుడు పడిందో నా తలలో ఉంటుంది. నా పెద్దబిడ్డ పుట్టిన ఏడు పొట్ట మీదున్న జొన్నకు వడగళ్లు పడ్డాయి. మా మామ పోయిన ఏడు వాగు దాటరాకుండా వస్తే పాడెను అవతలి ఊరి నుంచి చుట్టు తిప్పుకుని తీసుకుపోయారు. ఇట్లా ఎన్నైనా చెబుతాను. కానీ ఇట్లాంటి జనవరి కోసం ఎంత వెతికినా నా దగ్గర దొరకలేదు. అడిగినవాళ్లకు "నాకెర్క లేదు బిడ్డా" అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒళ్లు మండింది.

మా వైపు అసలు వరి ఎక్కడిది? జొన్నరొట్టె తిని పెరిగిన ఒళ్లు మావి. అన్నం పండుగకో పెళ్లికో కనబడేది. బోర్లు పడ్డాక వరి వచ్చింది. జొన్నకు మంచు ఒక లెక్క కాదు, మంచు తాగే పండేది. వరికి అన్నీ పట్టింపులే. చలి ఎక్కువైతే ఎర్రబడుతుంది, తడి ఎక్కువైతే మచ్చలేసుకుంటుంది. దాని కోసం ఇంటిల్లిపాదీ ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

నా చిన్నకొడుకు ప్రేమదాసు మా పొలం చూసుకుంటాడు. వాడు నారు పోసిన వారమే మా ఒడ్డుకు అవతల హన్మమ్మ కూడా పోసింది. హన్మమ్మా నేనూ ఒకే ఎండాకాలంలో ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. ఆమె బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయినప్పుడు ఆమె బర్రెకు నేను గడ్డి వేసేదాన్ని. నేను కన్వెన్షన్ కూటాలకు పోతే మా కోళ్లను ఆమె గంప కింద కమ్మేది. ఆమె భర్త పోయాడు. కొడుకు దుర్గేశ్ ఖేడ్ టౌన్‌లో ఆటో నడుపుతాడు. వాళ్లకున్నది ఒకే ఎకరం. ఆ ఎకరంలో పండిందే ఆ ఇంటి ఏడాది బువ్వ. బోరు హోలీ దాటిందంటే దగ్గుతుంది. కాబట్టి నాటు ఆలస్యమైతే ఆమెకు ఇక యాసంగి పంట లేనట్టే.

ముసురు తర్వాతి చలికి రెండు మడుల నారూ పసుపు పట్టింది. ప్రేమదాసు ఊరుకోలేదు. ఖేడ్ పోయి యూరియా తెచ్చి చల్లాడు. ఒకసారి చల్లితే చాలన్నాను. "నీకు తెల్వదమ్మా" అని రెండోసారి కూడా చల్లాడు. చూస్తుండగానే మా నారు ముదురాకుపచ్చగా లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసిపోయారు. వాడు మీసం మీద చెయ్యి వేసుకుని ఒడ్డు మీద నిలబడేవాడు. హన్మమ్మ నారుకు ఆ యూరియా కూడా పడలేదు. అది తెల్లబోయి చివరికి మడిలోనే పడుకుంది.

మా ఊళ్లో నారు అడిగే పద్ధతి ఒకటుంది, చెబితేగానీ బయటివాళ్లకు తెలియదు. నారు పోయినవాళ్లు నోరు తెరిచి ఇమ్మని అడగరు. నారున్నవాళ్ల మడి దగ్గరికి వచ్చి కూర్చుని ఆ నారును మెచ్చుకుంటారు. నారున్నవాళ్లు కూడా తీసుకో అని చెప్పరు. తమ నాటు అయ్యాక మిగిలిన నారును కట్టలు కట్టి ఒడ్డు మీద పెట్టి ఇంటికి పోతారు. కట్ట కట్టి ఒడ్డు మీద పెట్టారంటే అది పక్క పొలానిదే. తీసుకున్నవాళ్లు దండం పెట్టరు, ఇచ్చినవాళ్లు చెప్పుకోరు. అడిగినవాళ్లకు చిన్నతనం ఉండొద్దని పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. ఎంత పగ ఉన్నా నారు కాదన్న ఇల్లు మా ఊళ్లో నేను చూడలేదు.

ఒకరోజు పొద్దున మా మడిలో దిగి చూస్తే కింది సగంలో, చింతచెట్టు నీడ పడే వైపు, ఆకుల మీద మచ్చలున్నాయి. కన్ను ఆకారం. నడుమ బూడిద రంగు, చుట్టూ ఎర్రటి అంచు. కొన్ని ఆకులు కొసల నుంచి మంట తగిలినట్టు ఎండిపోతున్నాయి. వ్యవసాయ ఆఫీసు అమ్మాయి సౌందర్యకు ప్రేమదాసు ఫోన్ చేశాడు. ఆ పిల్ల బురదలో చెప్పులు చేతబట్టుకుని వచ్చింది.

ఆకు తుంచి చూసి అంది: "గిది అగ్గి తెగులు అవ్వా. రాత్రంత చలి, పొద్దుగాల మంచు. ఆకు మీద తడి ఆరకపోతే గిదే వస్తది. బూజు లెక్క. గాలికి పోతది, నారుతోని పొలంలకు గూడ పోతది. యూరియా ఎంత చల్లినవే అన్నా?"

ప్రేమదాసు ఆకాశంలో కొంగలను చూడడం మొదలుపెట్టాడు.

"రెండుసార్లు," అన్నాను నేనే. "బిడ్డా, మంచు ఆగనీకి ఏమన్న మందున్నదా?"

"గా మందే ఉంటే ముందుగాల నేనే కొంటుంటి," అని నవ్వింది. తర్వాత గట్టిగా చెప్పింది: కింది సగం నారు పీకి వెంటనే కాల్చాలి, లేకుంటే పూడ్చాలి. పొలంలో నాటకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. పై సగానికి ఇంకా మచ్చ రాలేదు కాబట్టి తెగులు మందు కొట్టి నాలుగైదు రోజులు చూడాలి. ఇక యూరియా ముట్టకూడదు. పై సగమంటే మా పొలానికే కష్టం మీద సరిపోయేంత.

సౌందర్య బండి మలుపు తిరిగిందో లేదో హన్మమ్మ వచ్చి ఒడ్డు మీద కూర్చుంది.

"ఎంత సక్కగున్నదక్కా మీ నారు," అంది. "నిగనిగలాడుతున్నది. చూస్తే కడుపు నిండుతది."

"ఏం సక్కగ? తెగులు పట్టింది హన్మమ్మా. గిప్పుడే మేడం చూసి పోయింది."

"గింత పచ్చటి నారుకు తెగులా?"

"పచ్చగున్నదానికే పట్టిందంట. కాలబెట్టుమన్నది."

ఆమె కింది సగం వైపు చూసింది. తర్వాత పై సగం వైపు చూసి, "గా దిక్కుది గూడ కాలబెడ్తరా?" అంది.

"అది మా పొలానికే సాలుతదో లేదో."

"అవునా," అంటూ లేచి కొంగు దులుపుకుంది. "నీ కొడుకు పొలానికి దాస్కుంటున్ననని చెప్పు, అయిపాయె. తెగులు అని సాకెందుకు? నేనేమన్న ఇయ్యిమని అడిగిన్నా? నారు సక్కగుందన్న, గంతే."

"నేను సాకు చెప్తున్ననా నీకు? ఇన్నేండ్ల సంది..."

"ఇన్నేండ్ల సంది చూస్తున్న, ఇయ్యాల కొత్తగ చూసిన," అని వెళ్లిపోయింది. వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఆమె మీద కొంత, కొడుకు మీద కొంత, నెత్తి మీద ఆ తెల్లటి మంచు మీద మిగిలినదంతా. ఉన్నమాట చెబితే అబద్ధంలా వినబడే కాలం దాపురించింది.

మర్నాడు నేనూ ప్రేమదాసూ కోడలు రోజా కింది సగం పీకాం. ముప్పొద్దుల పని. పీకినదాన్ని ఒడ్డు మీద వేసి వాడు అగ్గిపుల్ల గీశాడు. మంటుకోలేదు. ఎండుగడ్డి పెట్టి గీశాడు. గడ్డి కాలింది, నారు పొగ తప్ప మంట ఇవ్వలేదు.

"పచ్చిగున్నదమ్మా, తడిసి ముద్దయింది. రెండు దినాలు ఎండనియ్యి."

"గుంత తీసి పూడ్చు మరి."

"ఖేడ్ పోయి మందు తేవాలె గదా! దుకాణం బందయితది. రేపు తీస్త."

"మేడం వెంటనే అన్నది."

"మేడంకేంది, చెప్పిపోతది. తవ్వేది నేను."

వాడితో వాదించి నా నోరు ఎండిపోయింది. ఇంటికి పోయాం. మరునాడు ఆదివారం. చర్చి కాగానే వాడి చేత పార పట్టించాలని అనుకుని పడుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే మా వీధి క్రిస్టీనా నా చెయ్యి పట్టుకుంది. "వదినా, పొద్దుగాల నీళ్ల కాడ హన్మమ్మ కలిసింది. నీ గురించి ఒకటే చెప్పుడు. ఏడ్చినంత పని చేసింది."

"ఏం చెప్పింది?"

"నోటితోని కాదన్నది గని, మనసు ఊకోక మా అక్క కట్టలు కట్టి ఒడ్డు మీద పెట్టిందని. ఇయ్యాల నాట్లేస్తున్నది."

కట్టలు! నాకు అప్పుడు తెలిసివచ్చింది. పీకుతూ పీకుతూ మేం ముగ్గురం గుప్పెడు గుప్పెడు దులిపి, వేళ్లు కడిగి, గడ్డిపోచతో కట్టలు కట్టుకుంటూ పోయాం. పారేసే నారుకు కట్టెందుకని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నారు చేతిలో పడితే చేతులు చేసే పని అది. కట్టి, వరసగా, వేళ్లు లోపలికి పెట్టి, ఒడ్డు మీద. అగ్గి పెట్టిన మూల నాలుగు కట్టలు మాడాయి తప్ప మిగతావన్నీ పెళ్లికి సారె పెట్టినట్టు ముద్దుగా కూర్చున్నాయి. మా ఊళ్లో దాన్ని చూసిన మనిషి ఎవరైనా ఇంకేమనుకుంటారు?

చర్చి చీర మీదే పొలానికి పోయాను. మంచు ఇంకా విడవలేదు. ఒడ్డు ఖాళీగా ఉంది. హన్మమ్మ పొలంలో ఆడవాళ్లు వరసగా వంగి నాటుతున్నారు. అప్పటికే సగం పొలం అయిపోయింది. నాట్లకు ముందుండే నర్మద నన్ను చూసి, "ఓ పెద్దమ్మా! చర్చి చీర కట్టుకొని నాటెయ్యనీకి వచ్చినవా? పాట పాడు మరి, నీ చర్చి పాటైనా సరే!" అని కేకేసింది. అందరూ నవ్వారు.

హన్మమ్మ బురద కాళ్లతో ఎదురొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ మొహంలో నవ్వు చూశాను. "రా అక్కా, చాయ్ తాగుదువు. మొన్న నీ మాట ఇని నా మనసు బద్దలైంది. పొద్దుగాల ఒడ్డు చూసి నా మీద నాకే సిగ్గనిపించింది. నీ మనసు నాకెర్క లేదా?"

ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. మూసుకుంటే పోయేదేముంది? తెగులు వచ్చినా మంచును తిట్టుకుంటుంది కానీ నన్ను కాదు. మంచిదాన్నన్న పేరు నాకుంటుంది. కానీ వంగి నాటుతున్నవాళ్ల చేతుల్లో ఆ నారు కనబడుతోంది. ఆ ఎకరం అగ్గి పడితే ఆ ఇంట్లో ఏడాదంతా బియ్యం కొనుక్కోవాల్సిందే. ఏం పెట్టి కొంటుంది?

"హన్మమ్మా," అన్నాను, "ఆపమను. అది నీ కోసం పెట్టలే."

"ఏందక్కా?"

"కాలబెట్టనీకి పెట్టినం. తడికి కాలలే. తెగులు నారు అది. మొన్న నీకు చెప్పినదే."

నాటుతున్న చేతులు ఆగిపోయాయి. నేనొక మొక్క తీసి ఆకు చూపించాను. ఆమె కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసింది. "ఏడున్నయ్ మచ్చలు? నీ కండ్లకే కనబడ్తయా?" అంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. నర్మద వచ్చి ఆకు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఉన్నయ్ హన్మమ్మా," అంది నెమ్మదిగా. "నాటుతుంటే నేను గూడ చూసిన. మంచుకు మాడినయ్ కావచ్చనుకున్న."

హన్మమ్మ మొహంలోని నవ్వు పోవడం నేను ముందే చూశాను. తెగులు సంగతి వినగానే పోలేదది. ఆమె కోసం పెట్టలేదన్న మాటకే పోయింది. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

"మరి కట్టలెందుకు కట్టిన్రు?" అంది. గొంతు లేచింది. "పారేసేదాన్ని ఎవరన్న కట్టలు గడ్తరా? కట్టి ఒడ్డు మీద పెడ్తరా? నేనేమనుకోవాలె? నువ్వే చెప్పు, నేనేమనుకోవాలె?"

"నా చేతులు నా మాట ఇనలేదే," అన్నాను. ఇంకేం చెప్పాలి?

"ఊరంత చెప్పిన నేను! మా అక్క గిట్లాంటిది, గట్లాంటిది అని. నీళ్ల కాడ చెప్పిన, కొట్టుకాడ చెప్పిన..."

"నువ్వు చెప్పినందుకే నాకు తెలిసింది. లేకుంటే పొలమంత నాటుతుంటివి."

ఆమె నా వైపు చూడలేదు. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ సగం పొలాన్ని చూస్తూ నిలబడింది. నీళ్లలో నారు వరసగా, పచ్చగా ఉంది. దూరం నుంచి చూస్తే ఆ ఏడు మా ఊళ్లో అంత చక్కటి నాటు లేదు. తర్వాత దిగి, మొదటి వరస దగ్గర వంగి పీకడం మొదలుపెట్టింది. పీకిన ప్రతి గుప్పెడూ విసురుగా ఒడ్డు మీదికి, నా కాళ్ల దగ్గరికి విసిరింది. ఈసారి కట్టలేదు. బురద నా చీర మీద పడింది. నేను కుచ్చిళ్లు పైకి దోపుకుని దిగాను. నర్మదా వాళ్లూ వంగారు. పొద్దున నాటినదాన్ని మళ్లీ పీకడమంటే ఎట్లా ఉంటుందో నాటినవాళ్లకే తెలుస్తుంది. ఎవరూ పాట ఎత్తలేదు. ఒకామె మాత్రం మంచును పట్టుకుని ఏవో బూతులు తిట్టింది. ఆ బూతులు నేను ఇక్కడ చెప్పలేను గానీ నాకు కొంచెం సుఖమనిపించింది.

సగం పని అయ్యాక ప్రేమదాసు మందు డబ్బాతో వచ్చాడు. ఒడ్డు మీద నిలబడి, "ఏమైందమ్మా? ఎందుకు పీకుతున్రు?" అన్నాడు.

"నోరు మూసుకొని గుంత తియ్యి," అన్నాను. తీశాడు. నేను చెప్పిన లోతు కంటే లోతుగానే తీశాడు.

అంతా పూడ్చాక హన్మమ్మ కాలువలో కాళ్లు కడుక్కుంటూ మొదటిసారి నాతో మాట్లాడింది. "మీ పై సగంల నాకిస్తవా? ఇస్తే ఇస్తనను, ఇయ్యకుంటే ఇయ్యనను. నోటితోని చెప్పు. నేను అడుగుతనే ఉన్న."

మా ఊళ్లో నారు కోసం నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు. అడిగేటప్పుడు ఆమె తల దించలేదు. చుట్టూ ఆడవాళ్లు విన్నారు, నా కొడుకూ విన్నాడు.

"ఇస్త," అన్నాను. "మందు కొట్టి నాలుగొద్దులు చూడాలె. మచ్చ రాకుంటే నీకింత నాకింత. వస్తే నీకూ లేదు, నాకూ లేదు."

"అమ్మా, మనకే సాలది!" అన్నాడు ప్రేమదాసు.

"పలుచగ నాటుదం."

"దిగుబడి..."

"ఆ రెండో యూరియా చల్లకుంటే అందరికీ సాలుతుండె. ఇగ మాట్లాడకు."

అది నిన్నటి మాట కాదు, పోయిన వారం మాట. అప్పటి నుంచి రోజూ పొద్దున హన్మమ్మ మా మడి దగ్గరికి వస్తుంది. నాతో ముభావంగానే ఉంటుంది. చాయ్ ఇస్తే తాగుతుంది, బాగుందనదు. మందు కొట్టి నాలుగొద్దులు దాటినా సౌందర్య ఇంకో రెండు దినాలు ఆగమంది, మంచు విడవడం లేదని. హన్మమ్మ బోరు ఇప్పుడే సన్నగా పోస్తోంది. ఇద్దరం మడికి రెండు వైపులా వంగి, ఆకు ఆకు తిప్పి చూస్తాం. ఆమె చూపుకు మచ్చా, మన్నూ ఒకటే. అయినా నన్ను నమ్మి కూర్చోదు, తానే చూడాలంటుంది.

ఇవాళ పొద్దున కూడా ఎదుటి మనిషి కనబడనంత మంచు. ఆ తెల్లటి దాంట్లోంచి ఆమె గొంతు వచ్చింది.

"అక్కా, జల్దీ రా. మచ్చ!"

పరుగెత్తలేను గానీ పరుగెత్తినట్టే పోయాను. ఆమె పట్టుకున్న ఆకును కొంగుతో తుడిచి చూశాను. బురద.

"సక్కగ చూసి పిలువు, నా పానం పోయింది," అని కసురుకున్నాను.

ఆమె అప్పటికే వంగి ఇంకో ఆకు పట్టుకుంది.